కోల్‌కతా పోర్చుగీసు చర్చి: ఒకసారి కూల్చారు, ఒకసారి లాక్కున్నారు... అయినా నిలిచింది

కోల్‌కతాలో కథెడ్రల్ అనగానే చాలామందికి విక్టోరియా మెమోరియల్ పక్కనున్న సెయింట్ పాల్స్ గుర్తొస్తుంది. 1847లో ప్రారంభమైన ఆ చర్చి ఆంగ్లికన్లది. కాథలిక్కుల కథెడ్రల్ వేరు. బడాబజార్ రద్దీలో, బ్రబోర్న్ రోడ్డుకు ఆనుకుని ఉన్న మురుగిహట్టాలో అది కనిపిస్తుంది. దాని పేరు 'పరిశుద్ధ జపమాల మాత కథెడ్రల్'. స్థానికులకు మాత్రం అది నేటికీ 'పోర్చుగీసు చర్చి'యే.

బెంగాల్‌కు ఇంగ్లీషువాళ్ల కన్నా పోర్చుగీసువారు ముందే వచ్చారు. 16వ శతాబ్దంలోనే హుగ్లీ నది ఒడ్డున వారి స్థావరాలు ఉండేవి. బెంగాలీలో చర్చిని 'గిర్జా' అంటారు. ఆ మాట పోర్చుగీసు 'ఇగ్రేజా' నుంచి వచ్చిందే. తెలుగులోకి మేస్త్రీ, పాదిరీ, అలమారా వచ్చినదీ ఆ భాష నుంచే. తీరప్రాంత వ్యాపారంలో పోర్చుగీసు ఎంతగా పాతుకుపోయిందంటే, తమ మతగురువులు ఆ భాష నేర్చుకోవాలని 1698 నాటి ఈస్టిండియా కంపెనీ చార్టర్ నిబంధన పెట్టింది.

కంపెనీ ఇచ్చింది, కంపెనీయే కూల్చింది

1690లో జాబ్ చార్నాక్ కలకత్తాలో కంపెనీ స్థావరం ఏర్పాటు చేసినప్పుడు పోర్చుగీసువారు కూడా అక్కడ స్థిరపడ్డారు. వారి అగస్టీనియన్ గురువులకు ప్రార్థనా మందిరం కట్టుకోవడానికి చార్నాక్ స్థలం ఇచ్చాడు. అక్కడ ఒక చిన్న మందిరం వెలిసింది. 1693లో చార్నాక్ చనిపోయాడు. అదే ఏడాది వచ్చిన కంపెనీ అధికారి సర్ జాన్ గోల్డ్స్‌బరో దాన్ని కూల్పించాడు.

దాంతో కాథలిక్కులు మురుగిహట్టాకు మారారు. 1700లో మార్గరెట్ టెంచ్ అనే మహిళ ఇచ్చిన డబ్బుతో అక్కడ ఇటుక మందిరం కట్టారు. 1720లో శ్రీమతి సెబాస్టియన్ షా ఖర్చుతో దాన్ని విస్తరించారు.

రెండో దెబ్బ 1756 తర్వాత తగిలింది. ఆ ఏడాది సిరాజ్ ఉద్ దౌలా కలకత్తాను పట్టుకున్నప్పుడు ఇంగ్లీషువారి సెయింట్ ఆన్స్ చర్చి ధ్వంసమైంది. మరుసటి ఏడాది నగరం మళ్లీ చేతికి వచ్చాక, కంపెనీవారు పోర్చుగీసు చర్చిని తమ ఆరాధనకు తీసుకున్నారు. 1760 వరకు అది అసలు విశ్వాసులకు తిరిగి దక్కలేదు.

బరెట్టోల డబ్బు

18వ శతాబ్దం చివరికి ఆ మందిరం చాలకపోయింది. కొత్త చర్చికి 1797 మార్చి 12న శంకుస్థాపన జరిగింది. 1799 నవంబరు 27న ప్రతిష్ఠించారు. ఖర్చు సుమారు 90 వేల రూపాయలు. చర్చి సొంత నిధి పోగా మిగిలిన మొత్తంలో పెద్ద వాటా జోసెఫ్, లూయిస్ బరెట్టో సోదరులది. పోర్చుగీసు మూలాలున్న ఈ కుటుంబం కలకత్తాలో పేరున్న వర్తక కుటుంబం. రాజ్యాధికారం లేని ఒక సమాజం వ్యాపారంలో సంపాదించి కట్టుకున్న చర్చి ఇది.

ఆనాటి కలకత్తా భవనాలకు ఇష్టమైన నియో క్లాసికల్ శైలే ఇందులోనూ కనిపిస్తుంది. ముఖభాగం నడుమ త్రికోణాకారపు ముఖపట్టం, రెండు మూలల్లో చిన్న గుమ్మటాలు మోస్తున్న పొట్టి బురుజులు ఉంటాయి. సెయింట్ పాల్స్‌లోని గోథిక్ కోణపు తోరణాలు, శిఖరాలు ఇక్కడ ఉండవు. ఆకాశం వైపు సాగిన ఎత్తు కన్నా సమతూకం, నిండుదనం దీని ప్రత్యేకత. లోపలి స్మారక ఫలకాలు ఆ పాత సమాజపు పేర్లను నిలిపి ఉంచాయి.

అధికారం ఎవరిది?

మొదట్లో ఈ చర్చి పోర్చుగల్ రాజు పోషణాధికారం కింద, 1606లో ఏర్పడిన మైలాపూర్ మేత్రాసనంలో ఉండేది. కోరమాండల్ తీరం నుంచి బెంగాల్ వరకు అదే బిషప్ పరిధి. అంటే మచిలీపట్నం కాథలిక్కులకూ, కలకత్తా కాథలిక్కులకూ పీఠం ఒక్కటే. 1834లో రోమ్ నేరుగా బెంగాల్‌కు వికారియేట్ ఏర్పాటు చేసి, జెస్యూట్ గురువు రాబర్ట్ సెయింట్ లెజర్‌ను నియమించింది. గురువులను నియమించే హక్కు పోర్చుగల్‌దా, రోమ్‌దా అన్న తగాదా దేశమంతటా దశాబ్దాలు సాగింది. 1886లో పోప్ 13వ లియో పోర్చుగల్‌తో ఒప్పందం చేసుకుని, భారత్‌లో పీఠాలను పునర్వ్యవస్థీకరించారు. కలకత్తా అగ్రపీఠమైంది. 1950లో మదర్ థెరిసా 'మిషనరీస్ ఆఫ్ చారిటీ' మొదలైంది ఈ అగ్రపీఠం కిందే.

చార్నాక్‌ను నగర స్థాపకుడిగా చెప్పడం సరికాదని 2003లో కలకత్తా హైకోర్టు తేల్చింది. ఈ నగరాన్ని ఒక్క ఇంగ్లీషువారే కట్టలేదనడానికి మురుగిహట్టా మరో సాక్ష్యం. ఇక్కడికి దగ్గర్లోనే ఆర్మీనియన్ల చర్చి, యూదుల మాగెన్ డేవిడ్ సినగాగ్ ఉన్నాయి. కట్టినవారి భాష ఈ వీధుల్లో ఇప్పుడు వినిపించదు. వారి పేరు మాత్రం చర్చికీ, దాని ముందున్న పోర్చుగీస్ చర్చ్ స్ట్రీట్‌కూ మిగిలింది.