ఆస్టరేసీ కుటుంబపు ముళ్ల మొక్కలు

ఆకుల అంచున గానీ, పూలగుత్తిని చుట్టిన పుచ్ఛాలపై గానీ ముళ్లుండే పొద్దుతిరుగుడు కుటుంబపు మొక్కలను ఈ పేరుతో వ్యవహరిస్తారు. ఇది వాడుక విభాగమే తప్ప శాస్త్రీయ వర్గం కాదు. నల్లరేగడిలో రబీ పంటగా వేసే కుసుమ (కార్తామస్ టింక్టోరియస్, లిన్నేయస్, 1753), మెట్ట బంజర్లలో పెరిగే ఎకినాప్స్ ఎకినేటస్ రెండూ కార్డుయే తెగవి. రెండో దానికి పేరు పెట్టిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ గోదావరి ప్రాంతపు సామర్లకోటలో పనిచేశాడు. మరులమాతంగి (జాంథియం స్ట్రుమేరియం) మాత్రం పొద్దుతిరుగుడుతోపాటు హీలియాంథే తెగకు చెందుతుంది. కాయలా కనిపించే దాని ముళ్ల తొడుగు విప్పితే రెండు గదులు, ఒక్కో గదిలో ఒక్కో ఒంటిగింజ కాయ కనిపిస్తాయి. పైనున్న కొక్కేలు పశువుల వెంట్రుకలకు పట్టుకుని విత్తనాన్ని దూరం చేరుస్తాయి. కుసుమ ముల్లు ఆకుకు కాపలా, దీని ముల్లు గింజకు వాహనం. కాబట్టి ముల్లు ఈ కుటుంబంలో వేర్వేరుగా పుట్టిందనాలి.

కార్డుయే తెగలో ముళ్లు విరివిగా ఉన్నాయి గనుక అవి వర్గీకరణకు పనికొస్తాయన్న వాదన ఉంది. గుర్తుపట్టడానికి సాయపడే మాట నిజమే. అయితే కుసుమలోనే ముళ్లులేని రకాలున్నాయి. కుటుంబం పోల్చడానికి అసలు ఆనవాళ్లు వేరు: ఒకే పీఠంపై కిక్కిరిసిన చిరుపూలు, గొట్టంలా అతుక్కున్న పరాగకోశాలు, ఒంటిగింజ కాయ. ఇవి చూడకపోతే మలికిపురం వంటి కోనసీమ ఊళ్లలో పొరపాటు తేలిక. బ్రహ్మదండిగా పిలిచే ఆర్జెమోన్ మెక్సికానా తుంచితే పసుపు పాలు కారతాయి, అది గసగసాల కుటుంబం. మడ అడవుల ఆల్చి, తడినేలల నీటిగొబ్బి అకాంథేసీ కుటుంబానివి.