పశువుకు మందు, రాబందుకు విషం

1992 నుంచి 2007 వరకు పదిహేనేళ్లలో భారతదేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 99.9 శాతం పడిపోయింది. అంటే వెయ్యింటికి ఒక్కటి మిగిలింది. ఊరి బయట పశువు చచ్చిపడితే చూస్తుండగానే ఎముకల గూడు మిగిల్చే పక్షులివి. భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనంలో గూళ్లు ఖాళీ అవుతున్నాయని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ 1990లలోనే గమనించారు. ఏదో అంటువ్యాధి సోకిందని మొదట్లో అనుమానించారు.

అసలు కారణం పాకిస్థాన్‌లోని పంజాబ్‌లో బయటపడింది. అమెరికా పశువైద్య శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ బృందం చచ్చిన రాబందులను కోసి చూస్తే, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుని ఉంది. మూత్రపిండాలు పాడైతే కనిపించే గుర్తు అది. పరీక్షించిన వాటిలో ఈ గుర్తున్న 25 పక్షుల్లోనూ డైక్లోఫినాక్ దొరికింది. గుర్తు లేని 13 పక్షుల్లో దాని జాడే లేదు. 2004లో ‘నేచర్’ పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది.

డైక్లోఫినాక్ పశువుల నొప్పికీ, వాపుకీ వాడే చౌక మందు. సూది వేసిన ఒకటి రెండు రోజుల్లో పశువు చనిపోతే మందు కళేబరంలోనే ఉండిపోతుంది. వందలో ఒక్క కళేబరం కూడా విషపూరితం కానక్కర్లేదు, అంతకన్నా తక్కువే ఈ పతనానికి చాలునని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఒక్క కళేబరం మీద పదుల కొద్దీ రాబందులు వాలతాయి మరి.

2006లో భారత ఔషధ నియంత్రణ సంస్థ పశువుల డైక్లోఫినాక్ తయారీని ఆపించింది. రాబందులకు హాని చేయని మందుగా మెలాక్సికామ్ అప్పటికే తేలింది కాబట్టి, పశువైద్యుడికి దారి మూసుకుపోలేదు. 2008లో నిషేధం గెజిట్‌కెక్కింది. అయినా చావులు ఆగలేదు. మనుషుల కోసం తయారైన డైక్లోఫినాక్ 30 మిల్లీలీటర్ల సీసాల్లో మందుల షాపుల్లో దొరికేది. మనిషికి ఒక మోతాదుకు 3 మిల్లీలీటర్లు చాలు. అంత పెద్ద సీసా పశువుకే అక్కరకొచ్చేది. ఇంత కొట్టొచ్చినట్టు కనిపించే లొసుగును పూడ్చడానికి 2015 దాకా పట్టడం బాధాకరం. ఆ ఏడాది కేంద్రం మనుషుల ఇంజెక్షన్‌ను ఒక మోతాదు ప్యాకింగ్‌కే పరిమితం చేసింది. తయారీదారులు దీన్ని సవాలు చేసినా 2017లో మద్రాసు హైకోర్టు ప్రభుత్వ ఉత్తర్వునే సమర్థించింది.

అంతలో వేరే పేర్ల మందులు వాడకంలోకి వచ్చాయి. పశువు ఒంట్లోకి చేరాక ఎసిక్లోఫినాక్ డైక్లోఫినాక్‌గానే మారుతుంది. కీటోప్రోఫెన్ కూడా రాబందులకు ప్రాణాంతకమే. పశువులకు ఈ రెండింటి వాడకాన్నీ 2023లో కేంద్రం నిషేధించింది.

తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందుల గూళ్లు 2013లో వెలుగులోకి వచ్చాయి. హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో రాబందుల సంరక్షణ, పునరుత్పత్తి కేంద్రం నడుస్తోంది. అక్కడ పుట్టిన పిల్లలు బయట బతకాలంటే చుట్టుపక్కల పల్లెల్లో పశువులకు ఏ సూది వేస్తున్నారన్నది కీలకం. రాబందులకు విషమని తేలిన ఏ మందునైనా పశువైద్యం నుంచి వెంటనే తప్పించే ఏర్పాటు ఉండాలని 2020లో కేంద్రం విడుదల చేసిన రాబందుల సంరక్షణ ప్రణాళిక ప్రతిపాదించింది.