‘ట్విలైట్ జోన్’ కొత్త రూపంలో పోయిందేమిటి?

1955లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి బాలుణ్ణి తెల్లవాళ్లు చంపేశారు. జ్యూరీ నిందితులను నిర్దోషులని వదిలేసింది. టీవీ నాటకాలతో అప్పటికే పేరు తెచ్చుకున్న రాడ్ సెర్లింగ్ దాన్ని మనసులో పెట్టుకుని ‘నూన్ ఆన్ డూమ్స్‌డే’ రాశాడు. 1956లో అది ప్రసారమయ్యేసరికి కథ ఉత్తరాన న్యూ ఇంగ్లండ్‌కు చేరింది, హతుడు ఎవరో విదేశీయుడయ్యాడు, దక్షిణాది వాసన తగులుతుందని కోకాకోలా సీసాలు కూడా తీయించారు. రెండేళ్ల తర్వాత అదే విషయంతో మరో నాటకం రాస్తే దాన్ని 1870ల నాటికి నెట్టి, హతుణ్ణి మెక్సికన్‌ను చేశారు. డబ్బు పెట్టే కంపెనీకి స్క్రిప్టు మీద అంత పెత్తనం ఉన్న కాలం అది. 1959లో నాజీ నేరాల విచారణ మీద వచ్చిన నాటకంలో విషవాయువు గదుల సంగతి వచ్చినప్పుడు ‘గ్యాస్’ అన్న మాట వినిపించకుండా చేశారు. కారణం, స్పాన్సరు గ్యాస్ పరిశ్రమ సంఘం.

ఆ ఏడాది అక్టోబరులోనే టీవీ సంస్థ సీబీఎస్‌లో సెర్లింగ్ సిరీస్ ‘ట్విలైట్ జోన్’ మొదలైంది. 1964 దాకా వచ్చిన 156 ఎపిసోడ్లలో 92 సెర్లింగ్ రాసినవే. వాచ్యంగా చెప్పనివ్వని సంగతిని ధ్వనిగా చెప్పే దారి అతనికి సైన్స్ ఫిక్షన్‌లో దొరికింది. 1960 నాటి ‘ద మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్’ చూడండి. ఆకాశంలో ఏదో మెరిసి పోతుంది, ఉల్క అనుకుంటారు. వీధిలో కరెంటు పోతుంది. గ్రహాంతరవాసులు మన మధ్యే ఉన్నారేమోనని ఒక పిల్లాడు అన్న మాట పట్టుకుని ఇరుగుపొరుగు ఒకరినొకరు అనుమానించుకుంటారు, చీకట్లో నడిచి వస్తున్న పొరుగువాణ్ణే కాల్చి చంపుతారు. కమ్యూనిస్టుల వేట కళ్లారా చూసిన ప్రేక్షకులకు అది ఎవరి వీధో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

2019లో జోర్డన్ పీల్ వ్యాఖ్యాతగా వచ్చిన కొత్త సిరీస్‌లో ‘నాట్ ఆల్ మెన్’ అనే ఎపిసోడ్ ఉంది. అక్కడా ఉల్కలే రాలతాయి, ఊళ్లో మగవాళ్లు హింసకు తెగబడతారు. మగాడి దౌర్జన్యం గట్టి కథావస్తువే. కానీ పేరు దగ్గరే అర్థం తేలిపోతుంది, మిగతాది పాత్రలు మాటల్లో చెప్పేస్తాయి. చూసేవాడికి తానుగా పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. నా నిరాశంతా ఇక్కడే. కొత్త సిరీస్ రాజకీయాలు మాట్లాడిందని గొణిగేవాళ్లతో నాకు పొత్తు లేదు. పాతది పుట్టిందే రాజకీయాల కడుపున. రాజకీయాలు కొత్తదాంట్లోనూ కథగా పండగలవు, అందులోని ‘రీప్లే’ ఎపిసోడే అందుకు సాక్ష్యం: కొడుకును కాలేజీలో దింపబోతున్న నల్లజాతి తల్లి, కాలాన్ని వెనక్కి తిప్పే వీడియో కెమెరాతో ఎన్ని దారులు మార్చినా అదే పోలీసు ఎదురవుతాడు. అందులోనూ మాటలు నేరుగానే ఉంటాయి. కానీ భయాన్ని మోసేది ఆ కెమెరా, అందుకే అది నిలిచింది.

మరి సెన్సారుకు దణ్ణం పెట్టాలా? అక్కర్లేదు. ఎమెట్ టిల్ కథను చంపిన పెత్తనం మేలు చేసిందనడం అన్యాయం. కానీ అది బలవంతాన నేర్పిన విద్యను, బలవంతం పోయాక కూడా రచయిత ఇష్టంతో వాడుకోవచ్చు. పాతదాని మీద మోజుతో ఇలా అంటున్నారనే వాళ్లకు జవాబు పాత సిరీస్‌లోనే ఉంది. 1963లో నాలుగో సీజన్‌ను గంట నిడివికి పెంచితే 18 కథలు వచ్చాయి, వాటిలో చాలామటుకు సాగదీసినవే. హిట్లర్ నీడనే నేరుగా తెచ్చి నిలబెట్టిన ‘హీజ్ అలైవ్’ ఆ సీజన్‌లోదే. ఉద్దేశం ఎంత గొప్పదైనా అది ఉపన్యాసంలా బరువెక్కింది. అంటే సెర్లింగ్ చేతిలోనైనా చాటు తొలగి, నిడివి పెరిగితే ఫలితం అదే.

ఐదో సీజన్‌కు మళ్లీ అరగంటకే వచ్చారు, రిచర్డ్ మాథెసన్ రాసిన ‘నైట్‌మేర్ ఎట్ 20,000 ఫీట్’ అప్పుడే వచ్చింది. మానసిక చికిత్స పొంది ఇప్పుడిప్పుడే తేరుకున్న ప్రయాణికుడికి విమానం రెక్క మీద ఏదో జీవి కనిపిస్తుంది. అతన్ని నమ్మాలో వద్దో మనకు చివరిదాకా తేలదు. 2019లో దాన్నే 30,000 అడుగులకు ఎత్తి, రెక్క మీది జీవిని పక్కన పెట్టి, ఆ విమానం మాయమైన వైనాన్ని ముందే వినిపించే పాడ్‌కాస్ట్‌ను హీరో చెవిలో పెట్టారు. అతను కిటికీలోంచి చూడాల్సిన అవసరమే లేకుండా పోయింది.