తీర్పు చరిత్రకే వదిలేద్దామా?

పోయిన సంక్రాంతికి హాలియా వెళ్ళినప్పుడు మా పెద్దనాయనతో చిన్న వాదన పడింది. టీవీలో ఎవరో నాయకుడి పాలన మీద చర్చ నడుస్తోంది. నేను నా అలవాటు కొద్దీ ఆయనకి పదికి ఎన్ని మార్కులు వేయొచ్చో లెక్కలు కడుతున్నా. పెద్దనాయన కాసేపు విని, "కుర్చీల కూసున్నోని సంగతి ఇప్పుడే ఎట్ల చెప్తవ్ రా? ఓ ముప్పై ఏండ్లు పోనియ్. చరిత్రే చెప్తది" అన్నాడు.

వినడానికి పెద్దమనిషి మాటే. అధికారంలో ఉన్నవాళ్ళకి కూడా బాగా నచ్చే మాట. 2014 జనవరిలో మన్మోహన్ సింగ్ కూడా, ఇప్పటి మీడియా కన్నా, ప్రతిపక్షాల కన్నా చరిత్ర తన మీద ఎక్కువ దయ చూపుతుందనే అన్నారు. అదే మన ఆఫీసులో అప్రైజల్ రోజున "నా కోడ్ విలువ ఇరవై ఏళ్ళ తర్వాత తెలుస్తుంది సార్" అని చెప్పి చూడండి :-)

సరే, విషయానికొస్తాను. పదవిలో ఉన్న రాష్ట్రపతిని అప్పటికప్పుడు అంచనా వేయొచ్చా, కూడదా? దీనికి మన తెలుగువాడి ఉదాహరణే ఉంది: నీలం సంజీవరెడ్డి.

ఆయన కథ సినిమా కథలా ఉంటుంది. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. ఇందిరాగాంధీ 'అంతరాత్మ ప్రబోధం' అనేసరికి వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. 4,20,077కి 4,05,427. ఊరికెళ్ళి వ్యవసాయం చేసుకున్నారు. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కి పోతే, మిగిలిన ఆ ఒక్క నంద్యాలలో జనతా తరఫున గెలిచింది ఈయనే. ముందు స్పీకర్ అయ్యారు, ఆ జులైలోనే ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

అసలు పరీక్ష 1979లో వచ్చింది. జులై 15న మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. సంజీవరెడ్డి ముందు ప్రతిపక్ష నాయకుడు వై.బి.చవాన్‌ని అడిగారు, ఆయన వల్ల కాలేదు. తర్వాత మొరార్జీ, చరణ్ సింగ్ ఇద్దరూ మాకే బలం ఉందన్నారు. మద్దతుదారుల జాబితాలు తెప్పించుకుని చూసి చరణ్ సింగ్‌ని పిలిచారు, సభలో బలం నిరూపించుకోవాలన్న షరతుతో. జులై 28న ప్రమాణం. ఇంతలో ఇందిర మద్దతు లేదనేసింది. ఆగస్టు 20న చరణ్ సింగ్ సభకి ముఖం చూపించకుండానే రాజీనామా చేసి, లోక్‌సభ రద్దు చేయమని సలహా ఇచ్చారు. అప్పటికి జనతా నాయకుడైన జగ్జీవన్ రామ్ 'నాకొక అవకాశం ఇవ్వండి, సభలో చూపిస్తాను' అన్నారు. ఇవ్వలేదు. ఆగస్టు 22న సభ రద్దయింది. ఒక్కరోజు కూడా పార్లమెంటుని ఎదుర్కోని ప్రధాని, ఎన్నికలయ్యేదాకా ఆపద్ధర్మ ప్రధానిగా ఉండిపోయారు.

జనతా వాళ్ళు రాష్ట్రపతిని ఉతికి ఆరేశారు. వాళ్ళది కుర్చీ పోయిన కోపం కూడా కాబట్టి, 'తొందరపడకండి, చరిత్ర తేలుస్తుంది' అన్న మాట అప్పుడు సబబుగానే అనిపించి ఉంటుంది.

మరి చరిత్ర ఏం తేల్చింది? నాలుగున్నర దశాబ్దాలు దాటాయి. ఆ పార్టీలో ఫిరాయింపుల బేరాలు చూశాక రద్దు చేయడమే మంచిదయిందనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒక దళితుడు ప్రధాని అయ్యే అవకాశాన్ని చేతులారా పోగొట్టారనేవాళ్ళూ ఉన్నారు. జగ్జీవన్ రామ్ 1986లో పోయారు. ఇప్పటిదాకా దళితులెవరూ ఆ కుర్చీ ఎక్కలేదు. ఈ తీర్పు ఎటు వచ్చినా ఆయనకి ఇప్పుడు ఒరిగేదేమీ లేదు.

ఇక్కడే మా హాలియా సంగతి చెప్పాలి. ఎందుకంటే ఇదే సంజీవరెడ్డి మావాళ్ళకి రాష్ట్రపతిగా కంటే ముఖ్యమంత్రిగానే ఎక్కువ తెలుసు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి ఆయనే. అంతకు ఎనిమిది నెలల ముందే ఫిబ్రవరిలో ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి అయితే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ నుంచి ఉండాలి అన్నది అందులో ఒక షరతు. ఆయన తన మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రినే పెట్టలేదు. 1960లో సంజీవయ్య వచ్చాక గానీ కె.వి.రంగారెడ్డికి ఆ పదవి రాలేదు. 1962లో సంజీవరెడ్డి మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు, మళ్ళీ ఆ పదవి మాయం.

ఇది తప్పు అని చెప్పడానికి ఎన్నేళ్ళు ఆగాలి? 1969 ఉద్యమం దాకానా? 2014లో తెలంగాణ వచ్చేదాకానా? ప్రమాణ స్వీకారం రోజున మంత్రుల జాబితా చదివినవాడెవడైనా చెప్పగలడు, మాట తప్పారని. చరిత్ర దానికి కొత్తగా చేర్చిందేమీ లేదు, ఫలితం చూపించింది అంతే.

ఇప్పుడు ఇంకో పక్క చూడండి. నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. డ్యామ్ పని చాలామటుకు సాగిన కాలంలో ముఖ్యమంత్రి ఈయనే. 1967లో నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నీళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు పిల్లలంతా కాలువ గట్టు మీదకి ఉరికారని పెద్దనాయన ఇప్పటికీ చెప్తాడు. మెట్ట చేలల్లో వరి, తర్వాత రైస్ మిల్లులు, ఆ వడ్ల డబ్బుతోనే నా ఇంజనీరింగ్ ఫీజు. అదే జిల్లాలో కాలువకి ఎగువన ఉన్న ఊళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళే తాగాయి. రిజర్వాయర్‌లో మునిగిన ఊళ్ళ వాళ్ళ లెక్క వేరే. ఇవన్నీ కలిపి సాగర్ మంచిదా కాదా అని 1957లో ఎవరైనా చెప్పగలిగేవారా? చెప్పలేరు. దానికి నిజంగానే కాలం కావాలి.

నాకు అర్థమైంది ఇదీ. ఒక నాయకుడి పనిలో రెండు రకాల ప్రశ్నలుంటాయి. చేసిన పని చివరికి ఫలించిందా అన్నది ఒకటి. ఇది ప్రొడక్షన్‌లో పడి కొన్నేళ్ళు నడిస్తే గానీ తెలియదు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడా, అందరికీ ఒకటే కొలత వాడాడా, ఎవర్ని అడగాలో వాళ్ళని అడిగాడా అన్నది రెండోది. ఇది కోడ్ రివ్యూ. ఆ రోజే చేయాలి. 'కాలమే చెబుతుంది' అన్న మాట మొదటి ప్రశ్నకి సరిపోతుంది. రెండోదానికి కూడా దాన్నే వాడితే అది తప్పించుకోవడం.

ఈ లెక్కన 1979 జులైలో సంజీవరెడ్డి చేసింది సబబే. ఇద్దరి జాబితాలూ చూశారు, ఒకరిని పిలిచారు, సభలో నిరూపించుకోమన్నారు. ఆగస్టులో చేసింది తప్పు. చరణ్ సింగ్‌ని సభలో తేల్చుకో అన్న మనిషి, జగ్జీవన్ రామ్‌ని ఆ సభ దాకా రానివ్వలేదు. కొలత మారిపోయింది. ఆయన గెలిచేవారా, ప్రభుత్వం ఎన్నాళ్ళు నిలిచేది అన్నవి మనకి అనవసరం. బలం తేలాల్సింది సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాల విషయంలో గట్టిగా చెప్పింది. కానీ ఆ మాట అనడానికి 1979లో ఎవరికీ పదిహేనేళ్ళు ఆగాల్సిన అవసరం లేదు.

ఆయన్ని తీసిపారేయడానికి ఇదంతా రాయడం లేదు. బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యలు చేస్తే 1964లో ముఖ్యమంత్రి పదవి వదిలేసిన మనిషి ఆయన. ఆ రాజీనామా గొప్పదని కూడా ఆ రోజే చెప్పొచ్చు. అప్పటికప్పుడు వేసే మార్కుల్లో మెప్పుకీ చోటుంది.

ఇదంతా చెప్తే పెద్దనాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మాట తప్పిండన్నది నిజమే. మా నాయిన గూడ అప్పుడే అన్నడు" అన్నాడు. ఆగి, "కానీ నీళ్ళు తాగినోళ్ళం గదరా, గట్టిగ ఎట్లంటం" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. నీళ్ళు తాగినా గట్టిగా అనడం అలవాటు చేసుకోవాలేమో.