వియత్నాం యుద్ధ వ్యతిరేకత – అమెరికా ప్రత్యామ్నాయ పత్రికలు

వియత్నాం యుద్ధ కాలంలో అమెరికాలో పెద్ద దినపత్రికలకు, టీవీ సంస్థలకు వెలుపల నడిచిన చిన్న పత్రికలు, వార్తాసంస్థలు యుద్ధంపై ప్రజల్లో వ్యతిరేకత పెరగడానికి తోడ్పడ్డాయి. వాటి పాఠకులు తక్కువే. అవి బయటపెట్టిన సంగతులు మాత్రం ఉద్యమ నాయకుల దాకా, సైనిక శిబిరాల దాకా వెళ్లాయి.

1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖలో తమ యుద్ధనౌకలపై ఉత్తర వియత్నాం రెండుసార్లు దాడి చేసిందని ప్రభుత్వం ప్రకటించింది. అధ్యక్షుడు జాన్సన్‌కు సైనిక చర్యకు అధికారమిచ్చే తీర్మానం ప్రతినిధుల సభలో 416–0తో, సెనేట్‌లో 88–2తో నెగ్గింది. ఆ ఊపులోనూ సర్కారు కథనాన్ని శంకించిన కొద్దిమందిలో పాత్రికేయుడు ఐ.ఎఫ్. స్టోన్ ఒకరు. 1953 నుంచి భార్య తోడ్పాటుతో ఆయన నడిపిన వారపత్రిక బలం రహస్య వర్గాల్లో లేదు. సభా చర్చలు, అధికారిక నివేదికలు ఓపిగ్గా చదివి, పొంతన కుదరని మాటలను పట్టుకోవడంలో ఉంది. రెండో దాడి జరగనే లేదని దశాబ్దాల తర్వాత బయటికొచ్చిన ప్రభుత్వ రహస్య పత్రాలే తేల్చాయి.

శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక ‘రాంపార్ట్స్’ 1967 జనవరిలో యుద్ధంలో గాయపడిన వియత్నాం పిల్లల ఫొటోలు వేసింది. అవి చూసి కలతచెందిన పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో యుద్ధాన్ని సూటిగా ఖండించారు. న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ ఆయన్నే తప్పుపట్టాయి.

వీటన్నిటికన్నా విశేషమైనవి సైనికుల పత్రికలు. వియత్నాంలో పనిచేసి వచ్చిన జెఫ్ షార్లెట్ 1968లో ‘వియత్నాం జీఐ’ మొదలుపెట్టారు. టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో ‘ఫటీగ్ ప్రెస్’ వెలువడింది. శిబిరాల దగ్గరి కాఫీ హౌస్‌లలో ఇలాంటివి చేతులు మారేవి. శిబిరంలో అనుమతి లేకుండా పంచితే శిక్ష పడే ప్రమాదం ఉండేది. ‘యుద్ధమంటే భయపడే విద్యార్థుల గోల’ అని కొట్టిపారేసేందుకు వీల్లేదు, రాసినవాళ్లు తుపాకీ పట్టినవాళ్లే కదా!

1968 మార్చి 16న దక్షిణ వియత్నాంలోని మై లాయ్‌లో అమెరికా సైనికులు వందలాది గ్రామస్థులను చంపారు. దానిపై విలేకరి సేమూర్ హెర్ష్ రాసిన కథనాన్ని లైఫ్, లుక్ పత్రికలు తీసుకోలేదు. 1969 నవంబరులో డిస్పాచ్ అనే చిన్న వార్తాసంస్థ ద్వారా అది ముప్పైకి పైగా దినపత్రికల్లో అచ్చయింది. 1970లో పులిట్జర్ బహుమతి పొందింది.

గాలప్ సర్వేల్లో యుద్ధానికి సైన్యాన్ని పంపడం పొరపాటన్నవారు 1965 ఆగస్టులో 24 శాతం, 1971 మేలో 61 శాతం. ఈ మార్పంతా చిన్న పత్రికల ఖాతాలో వేయలేం. నిర్బంధ సైనిక సేవ, ఊరూరికీ చేరిన శవపేటికలు, 1968లో వియత్నాం కమ్యూనిస్టు బలగాలు జరిపిన టెట్ దాడులు అంతకన్నా బలమైన కారణాలు. స్టోన్ వారపత్రిక 1971లో, రాంపార్ట్స్ 1975లో ఆగిపోయాయి.