కరెంటు అక్కర్లేని డీజిల్ నుంచి కరెంటు లేకపోతే ఆగిపోయే డీజిల్ దాకా

ఈ ఎపిసోడ్‌లో చిన్న విమానాల డీజిల్ ఇంజిన్ల చరిత్ర చెప్పుకుందాం. చిన్న విమానాలంటే ఎయిర్‌బస్సులు, బోయింగులు కాదు. ఫ్లయింగ్ స్కూళ్లలో వాడే నాలుగు సీట్ల బాపతు.

వాటిలో ఎక్కువ భాగం ఇప్పటికీ పెట్రోల్ లాంటి ఆవ్‌గ్యాస్ మీదే నడుస్తాయి. స్పార్క్ ఇవ్వడానికి మాగ్నెటో అనే పరికరం ఉంటుంది. ఇంజిన్ తిరిగితే అదీ తిరుగుతుంది, తనకి కావాల్సిన కరెంటు తనే పుట్టిస్తుంది. ఒక్కో ఇంజిన్‌కి ఇలాంటివి రెండు. గాల్లో ఉండగా బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా ఇంజిన్ మాత్రం ఆగదు. టెక్నాలజీ పాతదే, కానీ ఈ ఒక్క గుణం కోసమే పైలట్లు దాన్ని నమ్ముతారు.

మరి డీజిల్ సంగతి? దానికి అసలు స్పార్కే అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, అందులోకి ఇంధనం కొడితే దానంతటదే అంటుకుంటుంది. అమెరికాలో ప్యాకార్డ్ అనే కార్ల కంపెనీ ఇంజినీర్ లయనెల్ వుల్సన్ దీన్ని విమానానికి పెట్టాడు. 1928 సెప్టెంబర్‌లో అది మొదటిసారి ఎగిరింది. తొమ్మిది సిలిండర్లు, 225 హార్స్‌పవర్. 1931లో ఆ ఇంజిన్ ఉన్న బెలాంకా విమానం మధ్యలో ఇంధనం నింపుకోకుండా 84 గంటలకు పైగా గాల్లోనే ఉంది. ఆ రికార్డు 1986 దాకా నిలిచింది! కానీ అది చూడటానికి వుల్సన్ లేడు. 1930లోనే మంచు తుఫానులో విమానం కూలి చనిపోయాడు. ఇంజిన్‌లో వైబ్రేషన్, పొగ వాసన, పైగా ఆర్థిక మాంద్యం. కొన్నేళ్లకే ప్యాకార్డ్ డీజిల్ కథ ముగిసింది.

ఇక్కడ ఒక పాయింట్ గుర్తుపెట్టుకోండి. ఆ కాలపు డీజిల్‌లో ఇంధనం కొట్టే పంపు పూర్తిగా మెకానికల్. ఒకసారి స్టార్ట్ అయితే చాలు, ఇక కరెంటుతో పని లేదు.

ఇప్పుడు 70 ఏళ్లు ముందుకొద్దాం. యూరప్‌లో ఆవ్‌గ్యాస్ ఖరీదు ఎక్కువ, చాలా చోట్ల దొరకదు, అందులో సీసం కూడా ఉంటుంది. జెట్ ఇంధనమైతే పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఎక్కడైనా దొరుకుతుంది, డీజిల్ ఇంజిన్ దాని మీద నడుస్తుంది. జర్మనీలో ఫ్రాంక్ థీలర్ట్ అనే ఆయన మెర్సిడెస్ ఏ-క్లాస్ కారు డీజిల్ ఇంజిన్‌ని ఆధారంగా తీసుకుని 135 హార్స్‌పవర్ విమాన ఇంజిన్ చేశాడు. 2002లో దానికి సర్టిఫికేషన్ వచ్చింది. ఆస్ట్రియాకి చెందిన డైమండ్ కంపెనీ ఇలాంటివి రెండు పెట్టి డీఏ42 అనే విమానం తెచ్చింది. 2004 ఆగస్టులో అది కెనడా తూర్పు తీరం నుంచి పోర్చుగల్‌కి ఆగకుండా పన్నెండున్నర గంటల్లో అట్లాంటిక్ దాటేసింది.

పైలట్‌కి ఇదొక వరం. పాత విమానంలో పవర్‌కి ఒక లీవర్, ఇంధనం-గాలి పాళ్లకి ఒకటి, ప్రొపెల్లర్‌కి ఒకటి. ఇందులో ఇంజిన్‌కి ఒకటే లీవర్. మిగతాదంతా ఫాడెక్ అనే కంప్యూటర్ చూసుకుంటుంది. ఒక్కో ఇంజిన్‌కి రెండు కంట్రోల్ ఛానెళ్లు, ఒకటి పోతే ఇంకోటి. మన భాషలో చెప్పాలంటే ఫుల్ రిడండెన్సీ.

2007 మార్చి 4. జర్మనీలోని ష్పాయర్ ఎయిర్‌పోర్ట్. ఒక డీఏ42లో బ్యాటరీ డౌన్. బయటి పవర్ తగిలించి ఇంజిన్లు స్టార్ట్ చేశారు. రెండూ చక్కగా నడుస్తున్నాయి. టేకాఫ్ అయింది, పైలట్ చక్రాలు లోపలికి తీసుకోవడానికి స్విచ్ వేశాడు. చక్రాలు ఎత్తే మోటార్ ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగింది. అలాంటి క్షణంలో ఆదుకోవాల్సింది బ్యాటరీ, అందులో ఏమీ లేదు. వోల్టేజ్ ఒక్క క్షణం పడిపోయింది. అంతే, కంప్యూటర్లు రీసెట్ అయ్యాయి. ప్రొపెల్లర్ బ్లేళ్లు గాలికి అడ్డు రాకుండా పక్కకి తిరిగిపోయాయి. ఒక ఇంజిన్ పోతే అలా తిరగడమే మంచిది, ఇంకో ఇంజిన్ మోస్తుంది. కానీ ఇక్కడ రెండు ఇంజిన్లకీ ఒకేసారి జరిగింది! విమానం నేల మీద పడింది. అదృష్టం బాగుండి ప్రాణాలు పోలేదు.

చూడండి, రెండు ఇంజిన్లు, నాలుగు ఛానెళ్లు, కానీ అన్నిటికీ కరెంటు వచ్చే మూలం ఒకటే. రెండు సర్వర్లు కొని రెండింటినీ ఒకే ప్లగ్ పాయింట్‌కి తగిలించినట్టు. మాగ్నెటో ఉన్న పాత ఇంజిన్ అయితే ఈ కారణంతో ఆగేది కాదు. ప్యాకార్డ్ డీజిలూ ఆగేది కాదు. ఆ తర్వాత కంప్యూటర్లకి విడిగా బ్యాకప్ బ్యాటరీలు పెట్టారు. చిన్న మార్పే, కానీ మాగ్నెటో ఎప్పుడో ఇచ్చిన స్వతంత్రం అలా కొంత తిరిగొచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2008 ఏప్రిల్‌లో థీలర్ట్ కంపెనీ దివాలా తీసింది. వారంటీలు చెల్లవన్నారు, విడిభాగాల రేట్లు పెరిగాయి. అప్పట్లో ఈ ఇంజిన్ గేర్‌బాక్స్‌ని 300 గంటలకోసారి చెకింగ్‌కి పంపాల్సి వచ్చేది, 1000 గంటలకి ఇంజినే మార్చేయాల్సి వచ్చేది. అలాంటప్పుడు కొన్న వాళ్ల పరిస్థితి ఆలోచించండి. పాత ఇంజిన్‌ని విప్పి బాగుచేసే మెకానిక్ ఎక్కడైనా దొరుకుతాడు, దీనికి మాత్రం కంపెనీ తప్ప దిక్కు లేదు. డైమండ్ ఆస్ట్రో ఇంజిన్ అనే సొంత సంస్థతో ఇంకో మెర్సిడెస్ ఇంజిన్ మీద పనిచేసి 2009లో సర్టిఫికేషన్ తెచ్చుకుంది. థీలర్ట్ వ్యాపారాన్ని 2013లో చైనా ప్రభుత్వ సంస్థ ఏవిక్ కొనేసింది. కాంటినెంటల్ పేరుతో ఆ ఇంజిన్లు ఇప్పటికీ వస్తున్నాయి.

కాబట్టి ఎలక్ట్రానిక్స్ చెడ్డవి అని నేను అనట్లేదు. పైలట్ మీద భారం తగ్గించడం కూడా సేఫ్టీనే. కాకపోతే పాతదాన్ని తీసేసే ముందు, అది ఎవరి మీదా ఆధారపడకుండా ఏ పని చేసిందో రాసి పెట్టుకోవాలి. ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, వాళ్లకి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? కోడ్ రాసేవాళ్లయినా ఇంజిన్ చేసేవాళ్లయినా ఈ రెండు ప్రశ్నలు వేసుకోవాల్సిందే.