పీట, గద్దె, పీఠం

ఈ ఎపిసోడ్‌లో మాట "పీఠం".

సంస్కృతంలో పీఠమంటే ఆసనం. మన ఇళ్లలో అదే పీట అయింది: పెళ్లిపీట, కత్తిపీట. శివలింగం కిందది పానవట్టం. మేడారంలో గద్దె. అక్కడ విగ్రహాల్లేవు, మొక్కులన్నీ గద్దెల దగ్గరే. రాజకీయాల్లో గద్దెనెక్కడమంటే అధికారంలోకి రావడం.

హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే రాయితో చెక్కారు. 1990 మార్చిలో పీఠం దగ్గరికి తీసుకెళ్తుంటే బార్జి ఒరిగి విగ్రహం నీళ్లలో పడిపోయింది. పనిలో ఉన్నవాళ్లు కొందరు చనిపోయారు. రెండేళ్లు దాటాక, 1992 డిసెంబర్ 1న, బుద్ధుడు పీఠమెక్కాడు.

ఫొటోలో మనకు కనిపించేది బుద్ధుడే. మోసినవాళ్లు కనిపించరు. ఇక్కడ టవర్లు కడుతున్న మనకు ఆ సంగతి వేరే చెప్పాలా? ఈసారి ఆ ఫొటో చూస్తే, పీఠం వైపు కూడా ఓసారి చూడండి.